బొట్టు పెట్టిన చేతులు

గోవిందమ్మ లీవు అడగాలనుకున్న పొద్దునే చిన్నయ్యకు ఆమెను గౌరవించాలన్న బుద్ధి పుట్టింది. తలరాత అంటే ఇట్లాగే ఉంటుంది మరి, ఎవరేం చేస్తారు!

ఎట్లా అడగాలో తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు దాకా బస్సులో నిలబడి వల్లించుకుంటూ వచ్చింది. వచ్చి లారీ ఆఫీసు తాళం తీసింది. లోపలా బయటా ఊడ్చింది, వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు పెట్టింది, డ్రైవర్లు తాగి పారేసిన బీడీ ముక్కలు ఏరింది, కుండ కడిగి నీళ్ళు నింపింది. పంపు స్టవ్వు వెలిగించి డికాషన్ దించేసరికి పెద్దయ్య చెంగల్వరాయుడు వచ్చి గుమ్మం పక్కన పడక కుర్చీలో కూర్చున్నాడు. ఒక్క లారీతో మొదలుపెట్టి వీధి పొడుగునా లారీలు నిలబెట్టిన మనిషి ఆయన. ఇప్పుడు పెత్తనమంతా కొడుకు జనార్ధనానిది. ఆఫీసులో అందరూ అతన్ని చిన్నయ్య అంటారు.

చిన్నయ్య ఫోన్లో మద్రాసు పార్టీతో మాట్లాడటం అయ్యేదాకా ఆమె కాఫీ లోటా పట్టుకుని నిలబడింది. కొంగు చుట్టి పట్టుకున్నా వేళ్ళు కాలుతున్నాయి. అతను ఫోను పెట్టేశాక నోరు తెరిచింది.

"చిన్నయ్యా, ఒక మాట."

"నేనే నిన్ను పిలవాలనుకుంటా ఉండా గోవిందమ్మా. ఇట్ల రా. రాజులూ, నువ్వూ రాయ్యా."

హెడ్ క్లర్కు సుందరరాజులు కళ్ళద్దాలు నొసటికి ఎక్కించుకుని వచ్చాడు. జనార్ధనం కాఫీ ఒక గుక్క తాగి కుర్చీలో ముందుకు జరిగాడు.

"పోయిన వారం మద్రాసులో ఒక కంపెనీకి పోయినా. ఆడ ఏడాదికి ఒక దినం పెట్టుకోని టైపిస్టులకూ, ప్యూన్లకూ, ఊడ్చేవాళ్ళకూ పూలూ స్వీట్లూ ఇచ్చి మర్యాద చేస్తారంట. మేనేజరే లేసి నిలబడి దండం పెడతాడంట. మనం మాత్రం ఏం తక్కువ? ఈ తూరి ఆయుధ పూజ నాడే పెట్టేస్తాం. పొద్దున పూజ, సాయంత్రం ఫంక్షను. నీకూ వాచ్‌మన్ వేలాయుధానికీ పొన్నాడై కప్పుతాం. మైకు, ఫొటో, అన్నీ! బ్యాంకు ఏజెంటు గోపాలన్ సారు గూడా వస్తానన్నాడు."

పొన్నాడై అంటే మీటింగుల్లో మంత్రుల భుజాన కప్పే జరీ శాలువా అని మాత్రమే గోవిందమ్మకు తెలుసు. దాన్ని కప్పుకుని తాను ఎక్కడికి పోవాలో తెలియలేదు.

"నాకెందుకు చిన్నయ్యా అదంతా. నేను ఆ పొద్దే లీవు అడగదామని వస్తి."

చేతిలో మిఠాయి లాక్కున్న పిల్లవాడి మొహంలా అయింది అతని మొహం. "లీవా? నీ కోసమే గదా ఫంక్షను! నువ్వే లేకుంటే ఎవురికి కప్పేది?"

"ఇంట్లో మగ్గానికి పూజ చిన్నయ్యా. ఇదే కడసారి. దశమినాడు మగ్గాన్ని ఇచ్చేస్తా ఉండాము. ఈ పనికి వచ్చినప్పట్నించి ఒక్క ఆయుధ పూజకూ నేను ఇంట్లో లేను. దీపం పెట్టే పొద్దుకు ఆడుంటే సాలు."

"మగ్గం యాడికి పోతుంది?" అన్నాడు సుందరరాజులు. "మనిషికి మర్యాద జరిగేది జన్మానికి ఒకసారి."

"సరి, సరి. ఫంక్షను కాగానే పో. అప్పుడు నిన్ను ఎవురు ఆపతారు?" అని జనార్ధనం మళ్ళీ ఫోను అందుకున్నాడు.

ఫంక్షను ముగిసేసరికి వీధి దీపాలు వెలుగుతాయి. కుర్చీలు మడిచి, లోటాలు కడిగి, బస్సెక్కి తిరుత్తణి చేరేసరికి ఊరంతా పూజ ముగించి తిని చేతులు కడుక్కుని ఉంటుంది. ఫంక్షను లేని ఏళ్ళల్లోనూ ఆమెకు అంతే పొద్దుపోయేది. పండగనాడు సెలవని తక్కిన గుమస్తాలు గుగ్గిళ్ళ పొట్లం పట్టుకుని ఇళ్ళకు పోతారు. ఆ పొట్లాల కింద వేసిన ఆకులు ఎత్తేది ఈమె. ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్నాడట వెనకటికొకడు. చిన్నయ్యదీ అదే తీరు. ఉన్న పనికి తోడు ఆ పూట ఒక సన్మానం కూడా ఆమె నెత్తిన పడింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి చేరేసరికి పచ్చయ్యప్ప మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరకే కూర్చుని ఉన్నాడు. మగ్గం మీది ఆఖరి చీర కోసి ఇచ్చేసి నెలయింది. దగ్గు మొదలైతే గుంటలోని పలక తొక్కడానికి కాళ్ళు ఆడవు. తొక్కి నేసినా ఆ చీర కట్టేవాళ్ళు లేరు. వీధి చివర షెడ్డులో పవర్‌లూములు పడ్డాక, ఒక్కో ఇంట్లోంచి ఒక్కో మగ్గం కట్టెలై పోతోంది. వీళ్ళ మగ్గానికి పొదటూరుపేట వెంకటముని బేరం కుదుర్చుకున్నాడు. దశమి పొద్దున ఎద్దుల బండి తోలుకుని వస్తానన్నాడు.

"లీవు ఇచ్చినారా?" అని అడిగాడు పచ్చయ్యప్ప.

"నాకు పొన్నాడై కప్పతారంట."

"నీకా? ఎందుకు?"

"వాళ్ళకు కప్పాలని ఉందంట."

పచ్చయ్యప్ప నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు పట్టింది. తేరుకున్నాక, "పోనీలేమే. మన అలిమేలమ్మ వచ్చి దీపం పెడతాదిలే" అన్నాడు.

కోపంగా అన్నా బాగుండేది. అలిమేలమ్మ పక్కింటి మనిషి, మంచిది, పిలిస్తే వస్తుంది. కానీ మగ్గం ముందు దీపం పెట్టేది ఆ ఇంటి ఇల్లాలు. పెళ్ళయి వచ్చిన ఏడు ఆ మగ్గానికి పసుపు రాసినప్పుడు అత్త పక్కన నిలబడి, "ఇది మనకు అన్నం పెట్టే తల్లి, ఎడమ చేత్తో తాకబాకు" అని చెప్పింది. అన్నం పెట్టిన తల్లిని సాగనంపే పొద్దు కూడా గోవిందమ్మ ఇంట్లో ఉండదన్నమాట. పొయ్యి రాజేసింది.

మరునాడు ఆఫీసులో బూజు దులుపు. ఆ ఒక్క దినం ఉంటుంది చూడండి, మిగతా ఏడాదంతా చేసిన పని దాని ముందు తేలిక. అటక మీద పాత టైర్ల మధ్య ఎలకలు పిల్లలు పెట్టి ఉన్నాయి. టైపు మిషను సందుల్లో నూనె జిడ్డు. కిరసనాయిలు గుడ్డతో ఒక్కో అక్షరం తుడిచింది. కాటా పళ్ళేలు చింతపండు వేసి తోమింది. నేలకు సోడా చల్లి పీచుతో రుద్దితే మోకాళ్ళ దగ్గర చీర తడిసి ఒంటికి అతుక్కుంది.

"రేపు నువ్వు చెయ్యి తడుపుకోగూడదు గోవిందమ్మా, రాణి మాదిరి కూర్చోవల్ల!" అని జనార్ధనం పోతూ పోతూ అన్నాడు. అంతే, సుందరరాజులుకు ఒక మాట దొరికింది. "రాణీ, కుర్చీలు తుడిచినావా? రాణీ, నిచ్చెన పట్టుకో" అని పొద్దుగూకేదాకా అదే పిలుపు. గోడకు గుడ్డ బ్యానరు కట్టారు. దాని మీద అరవంలో, చెమటోడ్చే చేతులకు వందనం అని పెద్ద ఎర్ర అక్షరాలు. బ్యానరు కట్టే మనిషి పడిపోకుండా కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది గోవిందమ్మే. మేకు కొట్టినప్పుడల్లా గోడ సున్నం ఆమె కళ్ళలో రాలింది.

మధ్యాహ్నం పెద్దయ్య ఒక్కడే ఉన్నప్పుడు ఆయన కుర్చీ దగ్గర నేల తుడుస్తూ ఆ మాట ఎత్తింది. "పెద్దయ్యా, రేపు పూజ కాగానే నన్ను పంపిస్తారా?"

ఆయన చేతి కర్రతో వీధిలోకి చూపించాడు. డ్రైవర్లు లారీలు కడిగి వరసలో పెడుతున్నారు. "నా మాట యాడ చెల్లుతుందమ్మా. ఆ బండి చూడు, వంకరగా పెట్టినాడు. ఇప్పుడే సరిగా పెట్టండ్రా, హారతి ఇచ్చినాక చక్రం కదలగూడదు అంటే, కదిలితే ఏమంటారు ఈ కాలం వాళ్ళు. ఆయుధానికి బొట్టు పెట్టినాక మరుసటి దినం మళ్ళా పూజ చేసేదాకా అది అమ్మవారిది. మన సొత్తు గాదు. ఒక తూరి చెనక్కాయల లోడు అర్జెంటని బొట్టు పెట్టిన బండిని తోలినారు. వెంగల్ దాటలా. కాలవలో బోర్లా పడింది." ఆయన గొంతు తగ్గింది. "డ్రైవరు కాలు పోయింది. ఇప్పటికీ వాడి మొగం చూడలేను నేను."

తన సంగతి ఆయన చెవిన పడిందో లేదో గోవిందమ్మకు అర్థం కాలేదు. మళ్ళీ అడగడానికి మొహం చెల్లక తడిగుడ్డ పిండుకుని అవతలికి పోయింది.

పండగ పొద్దున వీధంతా పసుపు, గంధం, డీజిలు కలిసిన వాసన. లారీల ముందు అరటి పిలకలు కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆఫీసులో బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి బిల్లు పుస్తకాలు, టైపు మిషను, నల్ల ఫోను, కాటా, స్పానర్లు, జాకీ అన్నీ పేర్చి బొట్లు పెట్టారు. అయ్యరు వచ్చాడు. బ్యాంకు ఏజెంటు సాయంత్రానికి గదా రావాల్సింది, సాయంత్రం ఇంకో చోట పూజ ఉందని పొద్దునే వచ్చి కూర్చున్నాడు. ఆయన్ను చూసేసరికి జనార్ధనానికి ఉత్సాహం ఆగలేదు. సాయంత్రం చెప్పాలనుకున్న ఉపన్యాసం అప్పుడే మొదలుపెట్టాడు.

"టైపు మిషనుకు బొట్టు పెట్టినాం, జాకీకి బొట్టు పెట్టినాం. మరి ఈ ఆఫీసు నడిపే అసలు ఆయుధం ఏది? అదో, ఆ చేతులు!" అని తలుపు వారన నిలబడ్డ గోవిందమ్మను చూపించాడు. "మీనాంబా, ఆమె చేతులకు గంధం పుయ్యి, బొట్టు పెట్టు. ఫొటో తియ్యవయ్యా!"

జనార్ధనం భార్య మీనాంబ సిగ్గుపడుతూ వచ్చింది. గోవిందమ్మ చేతులు చూసి ఒక్క క్షణం ఆగింది. సోడాకు పగిలి, గీతల్లో నల్లగా మసి పట్టిన చేతులు. "చాచు అక్కా" అంది మెల్లగా. రెండు చేతుల వెనకా గంధం రాసి, అరచేతుల్లో కుంకుమ పెట్టింది. పగుళ్ళలో గంధం చల్లగా మండింది. అయ్యరు ఏం చేయాలో తెలియక పెద్దయ్య వైపు చూశాడు, ఫొటోగ్రాఫరు "హారతి, హారతి" అని తొందరపెట్టాడు. అయ్యరు మంత్రం అందుకుని బల్ల మీది సామాన్లకు ఇచ్చిన హారతే ఆ చేతులకూ ఇచ్చాడు, అక్షింతలు వేశాడు. ఫ్లాషు మెరిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. గోవిందమ్మ ఎటు చూడాలో తెలియక చేతులనే చూసుకుంటూ నిలబడింది.

బయట బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. బొరుగులు, గుగ్గిళ్ళు పంచారు. కాసేపటికే ఆఫీసు నిండా బొరుగులు, విస్తరాకులు, రోడ్డు మీద కుంకుమ నీళ్ళలో గుమ్మడి ముక్కలు.

"రాణీ, ఆ ముక్కలు ఎత్తి పారెయ్, ఎవురన్నా జారి పడతారు" అన్నాడు సుందరరాజులు. "ముందు ఏజెంటు సారుకు కాఫీ. స్ట్రాంగుగా."

ఆమె కాళ్ళు అలవాటుగా స్టవ్వు దగ్గరికి పోయాయి. పంపు కొట్టడానికి వంగి చెయ్యి చాచింది. అరచేతిలో కుంకుమ ఇంకా తడిగా ఉంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెంగల్ కాలవలో పడ్డ లారీ గుర్తొచ్చి భయం వేసింది. ఆ భయం వెనకాలే, తిరుత్తణి బస్సు కూడా గుర్తొచ్చింది. భయంతో అన్నదో ఉపాయంతో అన్నదో ఆమెకే తెలియదు.

"అయ్యా, చేతులకు పూజ అయిపోయింది గదా. ఎట్ల తాకేది?"

"ఏంది?" అన్నాడు సుందరరాజులు.

"బొట్టు పెట్టిన ఆయుధంతో రేపటిదాకా పని చేయగూడదు గదయ్యా."

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. జనార్ధనం కూడా నవ్వాడు. "అయ్యో గోవిందమ్మా, అది ఊరికే ఒక మర్యాదకు. సింబల్ మాదిరి. పో, కాఫీ పెట్టు."

"ఏందిరా సింబల్?"

పడక కుర్చీలోంచి పెద్దయ్య లేచాడు. నవ్వు టక్కున ఆగింది.

"నువ్వు బొట్టు పెట్టించినావా లేదా? అయ్యరూ, మంత్రం చెప్పి హారతి ఇచ్చినావా లేదా?"

"ఇచ్చినాను" అన్నాడు అయ్యరు, తప్పు చేసినవాడిలా.

"అయితే అది అమ్మవారిది. రేపటిదాకా ఎవుడూ ఆ చేతులకు పని చెప్పబాకండి. బండి ఒకటి బోల్తా పడింది సాలదా మనకు? కాఫీ ఓటల్నించి తెప్పించు."

ఏజెంటు గోపాలన్ గుగ్గిళ్ళు నములుతూ, "అదీ కరెక్టే" అన్నాడు. జనార్ధనం మొహం ఎర్రబడింది. బ్యానరు కిందనే నిలబడి ఉన్నాడు, ఏమనగలడు? సుందరరాజులుకు మాత్రం ఓటమి మింగుడు పడలేదు. గొంతు సవరించుకున్నాడు.

"పెద్దయ్య చెప్పింది నిజం. అయితే, పూజలో పెట్టిన ఆయుధాన్ని కదిలించను గూడా గూడదు గదా. రేపటిదాకా ఈమె ఈడ్నే కూర్చోవల్ల. ఎట్లాగూ సాయంత్రం ఫంక్షను ఉండనే ఉంది."

పెద్దయ్య ఆలోచనలో పడ్డాడు. శాస్త్రం ప్రకారం కాదనలేని మాటే. గోవిందమ్మకు చిక్కు విప్పుకోబోయి పీటముడి వేసుకున్నట్టయింది. అందరూ ఆమె వంక చూస్తున్నారు. ఆమె తల వంచుకుంది. కింద, కడిగీ కడిగీ చివికిపోయిన తన పాదాలు కనిపించాయి.

"పెద్దయ్యా, చేతులకే గదా బొట్టు పెట్టినారు. కాళ్ళకు పెట్టలేదే."

అందరికన్నా ముందు నవ్వింది మీనాంబ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత పెద్దయ్య కుర్చీ చెయ్యి పట్టుకుని పొట్ట అదిరేటట్టు నవ్వాడు.

"పోమ్మా, పో. ఆ కాళ్ళు యాడికి తీసకపోతే ఆడికి పో. పొన్నాడై యాడికీ పోదు, ఎల్లుండి ఇస్తాడులే వాడు."

ఆమె గడప దాటుతుంటే, చిన్నయ్య ఆమెకని తెచ్చిన శాలువాను ఏం చేయాలో తోచక దాని మడతలు విప్పుతూ మళ్ళీ వేస్తూ ఉన్నాడు. మంచివాడే పాపం. రోడ్డు మీద సుందరరాజులు పంచె ఎగ్గట్టి గుమ్మడి ముక్కలు ఏరుతున్నాడు. ఆమె వైపు చూడలేదు.

బస్సు ఎక్కేటప్పుడు కూడా ఆమె కమ్మీ పట్టుకోలేదు, అట్లాగే పోయి సీట్లో కూర్చుంది. పెద్దయ్య నమ్మిందే ఆమె కూడా నమ్మింది. ఉపాయమే అయితే బస్టాండులోనే చేతులు కడిగేసుకునేది గదా. కండక్టరు వచ్చినప్పుడు టికెట్టు డబ్బులకు పక్కనున్న ఆవిడ చేత కొంగు ముడి విప్పించుకుంది. "ఏమక్కా, చేతులకు ఏమైంది?" అని ఆవిడ అడిగితే, "పూజ" అంది, అంతకంటే ఎట్లా చెప్పాలో తెలియక. చేతులు ఒళ్ళో పెట్టుకుంటే కుంకుమ చెరుగుతుందేమో అని వెల్లకిలా తిప్పి మోకాళ్ళ మీద పెట్టుకుంది. అట్లా ఊరకే పెట్టుకోవడం వాటికి అలవాటు లేదు. వేళ్ళు వాటంతటవే ఏదో పిండుతున్నట్టు, ఏదో ఏరుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. కిటికీలోంచి గాలి కొడుతుంటే ఒళ్ళంతా నొప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఇన్నాళ్ళూ అవి ఎక్కడ దాక్కున్నాయో!

ఎండ ఇంకా ఉండగానే ఇంట్లో అడుగు పెట్టింది. పచ్చయ్యప్ప మగ్గాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఇల్లు ఊడ్చలేదు, పొయ్యి అంటించలేదు. ఆమెను చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"వచ్చేస్తివా! మంచిదాయ. ఆ చీపురు తీసుకో, దుమ్మంతా అట్నే ఉండాది. బియ్యం గూడా నానెయ్యలా నేను."

గోవిందమ్మ రెండు చేతులూ చాచి చూపించింది.

పచ్చయ్యప్ప దగ్గరికి వచ్చి చూశాడు. ఆరిపోయిన గంధం, మధ్యలో కుంకుమ. "ఎవురు పెట్టినారు?"

"చిన్నయ్య పెళ్ళాం. అయ్యరు హారతి ఇచ్చినాడు."

అతను నేతగాడు. మగ్గంలో దారం నడిపే నాడె ఒకటి పూజలో ఉందంటే ప్రాణం మీదికి వచ్చినా తాకని మనిషి. ఆమె చేతులను మళ్ళీ ఒకసారి చూశాడు. వాటిని అంత సేపు చూసి ఎన్నాళ్ళయిందో! తర్వాత వంగి తానే చీపురు తీసుకున్నాడు.

"నీ దగ్గుకు దుమ్ము పడదు" అంది ఆమె.

"నోటికి గుడ్డ కట్టుకుంటాలే. నువ్వు కూర్చో. దేన్నీ తాకబాకు."

ఊడ్చాడు. గుంట చుట్టూ నీళ్ళు చల్లాడు. ముగ్గు వేయబోతే గీత పాము మాదిరి వంకర పోయింది. ఆమె నవ్వు ఆపుకుంది. బెల్లం ఎక్కడుందని, ఉప్పు ఎక్కడుందని, అగ్గిపెట్టె ఎక్కడుందని ఒక్కొక్కటే అడిగాడు. "ఆ గూట్లో చూడు, సామీ, నీ కళ్ళ ముందరే ఉండాది" అని కూర్చున్న చోటి నుంచే చెప్పింది. పొయ్యి పొగకు దగ్గుతూ, ఊదుతూ, మధ్యలో వచ్చి మగ్గానికి పసుపు రాస్తూ తిరుగుతున్నాడు. లేచి ఆ ఊదుగొట్టం అందుకుందామని ఆమె ప్రాణం లాగింది. అయినా లేవలేదు. మగ్గం నిట్టాడుకు వీపు ఆనించింది. ఎన్నో ఏండ్లు చేతులు తగిలి నున్నగా అయిన కట్టె. పొయ్యి మీద పొంగలి కుతకుత ఉడుకుతోంది. కళ్ళు వాటంతటవే మూతబడ్డాయి.

మగ్గం ముందు ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి, ఆకులో పొంగలి పెట్టి, కర్పూరం సిద్ధం చేసుకున్నాడు పచ్చయ్యప్ప. వీధిలో ఒక్కో ఇంట్లో గంట మోగడం మొదలైంది. అలిమేలమ్మ గుగ్గిళ్ళ తట్ట తీసుకుని గుమ్మంలోకి వచ్చి, లోపల చీకటిగా ఉండటం చూసి ఆగింది.

"ఏమన్నా, దీపం పెట్టనే లేదే ఇంకా? నన్ను పెట్టమంటివి గదా, పెట్టేదా?"

"వద్దు చెల్లీ" అన్నాడు పచ్చయ్యప్ప గొంతు తగ్గించి. "మీ వదిన వచ్చింది. ఆమే పెడతాది. దీపం పెట్టేది పని గాదు గదా, అదీ పూజే."

"మరి లేపన్నా, పొద్దు పోయె. అందరిండ్లలో హారతి అయిపోయింది."

"అయితే కానీ. రేపు వెంకటముని బండి వచ్చేదాకా మగ్గం ఈడ్నే గదా ఉండేది. అదీ కాసుకోనుంటుంది, నేనూ కాసుకోనుంటా. మీ వదినను మాత్రం ఇప్పుడు లేపొద్దు."

అలిమేలమ్మ తట్ట గడప లోపల పెట్టి చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది. పచ్చయ్యప్ప దగ్గు రాకుండా నోటికి తుండుగుడ్డ నొక్కి పట్టుకుని గుంట గట్టు మీద కూర్చున్నాడు.

ఆ మాటలన్నీ గోవిందమ్మకు వినిపించాయి. గంటలు వినిపించాయి. లేవాలి, దీపం పెట్టాలి, దానికోసమే గదా పడుతూ లేస్తూ వచ్చింది. పెడుతుంది. ఎవరూ తొందరపెట్టడం లేదు కాబట్టి ఇంకాసేపు కళ్ళు తెరవకుండా అట్లాగే ఉండిపోయింది.